అధ్యక్షుడి వయసు దగ్గర మొదలుపెట్టండి: ఇ గిబుంగ్ జీవితాన్ని చదివే పద్ధతి

దక్షిణ కొరియా 1950ల రాజకీయాలు తెలుసుకోవాలి, ఎవరితో మొదలుపెట్టమంటావు అని అడిగేవాళ్లకు నేను ఇ గిబుంగ్ పేరు చెబుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. మొదటి అధ్యక్షుడు సింగ్మన్ రీ తెలుసు, తర్వాత కుట్రతో గద్దెనెక్కిన జనరల్ పార్క్ చుంగ్ హీ తెలుసు, మధ్యలో ఈయనెవరని అడుగుతారు. ఈయన దేశాధ్యక్షుడు కాలేదు. వీరుడు కాదు, వక్త అసలే కాదు. 1960 మార్చి 15 ఎన్నికల్లో 83 లక్షల ఓట్లతో ఉపాధ్యక్షుడిగా గెలిచాడని ప్రకటించారు. ఏప్రిల్ 28 తెల్లవారుజామున కన్నకొడుకు చేతిలో తుపాకీ గుండుకు చనిపోయాడు. మధ్యలో ఉన్నది ఆరు వారాలు.

నేను సియోల్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో పాత పేపర్లు తిరగేస్తూ, ఆ కాలం నాటి చోట్ల వెంట తిరుగుతుంటాను. ఊరు చూడ్డానికి వచ్చిన మన తెలుగువాళ్లకు ఈ కథ చెప్పీ చెప్పీ నాకో పద్ధతి కుదిరింది. అది ఇక్కడ పెడుతున్నాను. ఒకటే షరతు: ఆ చివరి రోజు కాల్పులతో మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెడతారు, ఎందుకంటే అది సినిమాలా ఉంటుంది. అక్కడ మొదలుపెడితే మనిషి మంచివాడా, చెడ్డవాడా అనే తీర్పులోకి వెళ్లిపోతారు. అసలు విషయం తప్పిపోతుంది.

ముందు చిన్నాచితకా పనులు

పేరుతో మొదలుపెడదాం. కొరియన్ పేర్లను ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. లీ కి పూంగ్, యి గి బుంగ్, ఇ గిబుంగ్ అన్నీ ఒకరే. వెతికేటప్పుడు అన్ని రకాలుగానూ వెతకండి. సింగ్మన్ రీ ఇంటిపేరు కూడా కొరియన్‌లో ఇదే. ఇద్దరూ జొంజు ఇ వంశం వాళ్లే, అంటే ఒకప్పుడు కొరియాను ఏలిన జోసాన్ రాజవంశం. రీ పూర్వీకుడు యాంగ్‌న్యోంగ్ రాకుమారుడు, ఈయన పూర్వీకుడు ఆ రాకుమారుడి తమ్ముడు హ్యోర్యోంగ్. వందల ఏళ్ల నాటి చుట్టరికమే అనుకోండి, కానీ మర్చిపోకండి. తర్వాత దీంతో పని పడుతుంది.

పాత పత్రికల్లో వయసులు ఒకటి రెండేళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. అప్పటి కొరియన్ లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడాది, జనవరి 1 రాగానే ఇంకో ఏడాది. పుట్టిన తేదీ చూసి మీరే లెక్క వేసుకోండి. డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. 1953 ఫిబ్రవరి నుంచి 1962 జూన్ దాకా చలామణిలో ఉన్నది హ్వాన్. నూరు పాత వాన్‌లకు ఒక హ్వాన్ ఇచ్చారు, తర్వాత పది హ్వాన్‌లకు ఒక కొత్త వాన్ ఇచ్చారు. ఫలానా నాయకుడు ఇన్ని కోట్లు వసూలు చేశాడని ఎక్కడైనా చదివితే, అవి ఏ కోట్లో చూడకుండా నోరెళ్లబెట్టొద్దు.

ఒక కాగితం, రెండు గడులు

ఇప్పుడు అసలు పని. కాగితం మీద రెండు గడులు గీయండి. ఒకదాంట్లో తేదీ, పక్కదాంట్లో ఆ రోజుకు సింగ్మన్ రీ వయసు. ఆయన పుట్టింది 1875 మార్చి 26న. 1948లో అధ్యక్షుడయ్యేనాటికి 73. 1952 ఆగస్టు ఎన్నికలకు 77. 1954 నవంబరులో రాజ్యాంగ సవరణ నాటికి 79. 1956 మేలో మూడోసారి గెలిచేనాటికి 81. 1960 మార్చి 15 నాటికి 84, ఇంకో పదకొండు రోజుల్లో 85.

ఇ గిబుంగ్ జీవితంలోని ప్రతి మలుపునూ ఈ కాగితం పక్కన పెట్టి చూడండి. రీ వయసు పెరిగేకొద్దీ ఈయన విలువ పెరుగుతూ పోతుంది. ఆ ప్రభుత్వంలో అందరి మనసులోనూ ఉండి, పైకి ఎవరూ అనలేని ప్రశ్న ఒకటుంది: ముసలాయన పోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఆ ప్రశ్నకు అధికార పార్టీ తయారు చేసుకున్న జవాబే ఇ గిబుంగ్. ఆయన ఎదిగిందీ, పడిపోయిందీ దానివల్లే. నా మటుకు నేను ఈ కథను ఇలాగే చదువుతాను.

ఎదుగుదలను ఎంతవరకు చదవాలి

బాల్యం, చదువు దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. 1896లో ఉత్తర చుంగ్‌చొంగ్ రాష్ట్రంలోని గ్వెసాన్‌లో పుట్టాడు. అమెరికా వెళ్లి అయోవాలో టేబర్ కాలేజీలో చదివాడు. అక్కడ ప్రవాసంలో ఉన్న రీ మనుషుల్లో ఒకడయ్యాడు. 1934లో తిరిగొచ్చాడు. 1945లో జపాన్ పాలన పోయాక రీకి కార్యదర్శి అయ్యాడు. 1949లో సియోల్ మేయరు. ఇంత చాలు.

కాస్త ఆగాల్సింది 1951 దగ్గర. కొరియా యుద్ధం మధ్యలో, 1950–51 చలికాలంలో, జాతీయ రక్షణ దళం పేరుతో లక్షలమంది మగవాళ్లను పోగుచేసి దక్షిణానికి నడిపించారు. వాళ్ల తిండికీ బట్టకూ వచ్చిన డబ్బు అధికారులు మింగేశారు. మంచులో ఆకలితో వేలమంది చచ్చిపోయారు. ఈ కుంభకోణం బయటపడ్డాక రక్షణ మంత్రి షిన్ సొంగ్మో దిగిపోవాల్సి వచ్చింది, ఆ స్థానంలోకి వచ్చినవాడు ఇ గిబుంగ్. విచారణ ముందుకు కదిలింది. దళం కమాండరుతో సహా ఐదుగురిని 1951 ఆగస్టులో కాల్చి చంపారు. ఈయనకు మంచి పేరు వచ్చింది. విలన్ కథ రాద్దామని కూర్చున్నవాళ్లు ఈ ఏడాదిని దాటేస్తారు. మీరు దాటేయకండి. అప్పటికి చాలామంది ఈయన్ను శుభ్రమైన, నెమ్మదైన మనిషి అనుకున్నారు. ఆ అభిప్రాయానికి కారణం లేకపోలేదు.

తర్వాతి మలుపు రీ అధికార పార్టీ అయిన లిబరల్ పార్టీ. 1951 చివర పుట్టిన ఈ పార్టీలో మొదట బలం ఉన్నది ఇ బోమ్‌సొక్ చేతిలో. స్వాతంత్ర్య పోరాటంలో సేనలు నడిపినవాడు, మొదటి ప్రధానమంత్రి, వెనక పెద్ద యువజన దళం ఉన్నవాడు. 1952లో బుసాన్‌లో మార్షల్ లా పెట్టి, పార్లమెంటు సభ్యుల్ని భయపెట్టి, అధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకునేలా రాజ్యాంగం మార్పించుకున్నప్పుడు రీకి ఆ బలం అక్కరకొచ్చింది. పని అయిపోగానే ఆగస్టు ఎన్నికల్లో ఉపాధ్యక్ష పదవికి ఇ బోమ్‌సొక్‌ను కాదని, ఊరూపేరూ అంతగా లేని పెద్దాయన హామ్ తెయోంగ్‌ను గెలిపించారు. 1953లో బోమ్‌సొక్ మనుషుల్ని పార్టీలోంచి ఏరిపారేశారు. అలా ఖాళీ అయిన చోటికి ఇ గిబుంగ్‌ను తెచ్చారు.

ఇక్కడ కాగితం మీద ఒక మాట రాసుకోండి: ఈయనకు సొంత దళం లేదు, సొంత ప్రాంతం లేదు, జనంలో సొంత పేరు లేదు. పదవి దక్కడానికి అవే అర్హతలయ్యాయి. ఏరు దాటి తెప్ప తగలేయడం రీకి అలవాటే. తెప్పగా పనికొచ్చి, ఎప్పటికీ ఎదురు తిరగని మనిషి ఆయనకు కావాలి.

1954: రెండు రోజుల సభా కార్యక్రమాలు చదవండి

కొరియా పార్లమెంటు పాత సభా కార్యక్రమాల రికార్డులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మొత్తం చదవక్కర్లేదు. 1954 నవంబరు 27, నవంబరు 29 తేదీలవి తీయండి. అప్పటికి ఇ గిబుంగ్ స్పీకరు. సవరణ సారాంశం ఇది: మొదటి అధ్యక్షుడికి మాత్రం రెండు దఫాల పరిమితి వర్తించదు. ప్రధానమంత్రి పదవి రద్దు. అధ్యక్షుడు మధ్యలో పోతే ఉపాధ్యక్షుడు ఆ స్థానంలోకి వస్తాడు. మొదటి ముక్కనే అందరూ గుర్తుంచుకుంటారు. మన కథకు కావాల్సింది చివరి ముక్క.

సభలో సభ్యులు 203 మంది. మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. 203లో మూడింట రెండొంతులంటే 135.33. ఓట్లు పడ్డాయి: అనుకూలం 135, వ్యతిరేకం 60, తటస్థం 7. ఒకరు రాలేదు. 135 మంది 135.33 కంటే తక్కువే కాబట్టి 136 ఉండాలి. సభ నడుపుతున్న ఉపసభాపతి సవరణ వీగిపోయిందని సుత్తి కొట్టాడు. అంతా ఇళ్లకు వెళ్లిపోయారు.

రెండు రోజుల తర్వాత సభ మళ్లీ కూర్చుంది. మనిషిని ముక్కలుగా లెక్కపెట్టలేం కదా, 0.33 అనేది సగం కంటే తక్కువ, దాన్ని కొట్టేస్తే మూడింట రెండొంతులంటే 135 అన్నారు. ఐదుకు తక్కువైతే వదిలెయ్, ఐదూ ఆపైనైతే ఒకటి కలుపు అని స్కూల్లో చెప్పే లెక్క. సవరణ ఆమోదం పొందినట్టే అని మళ్లీ ప్రకటించారు. ప్రతిపక్షం లేచి వెళ్లిపోయింది. కొరియాలో ఈ సవరణను ఇప్పటికీ ఆ అంకెల సర్దుబాటు పేరుతోనే పిలుస్తారు.

నేను ఈ రెండు రోజులూ చదవమనడానికి కారణం నవ్వుకోవడానికి కాదు, నవ్వు వచ్చినా. ఓడిపోయిన లెక్కను గెలిచినట్టు ప్రకటించొచ్చని ఆ పార్టీ నేర్చుకున్నది ఇక్కడే. ఆరేళ్ల తర్వాత ఇదే పని దేశమంతటా చేశారు. చెల్లలేదు.

1956: ఓడిపోయిన ఎన్నికను ఎక్కువ చదవండి

ఇ గిబుంగ్ గురించి రాసేవాళ్లు 1960కి పరుగు తీస్తారు. నన్నడిగితే 1956 మే 15 దగ్గర కూర్చోవాలి. అప్పుడు అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు ఓట్లు వేరువేరుగా వేసేవాళ్లు. ఒక పార్టీ అధ్యక్షుడు, ఇంకో పార్టీ ఉపాధ్యక్షుడు వచ్చే వీలుంది. ఇది తెలియకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు.

డెమొక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి షిన్ ఇక్‌హీ, ఉపాధ్యక్ష పదవికి చాంగ్ మ్యోన్. “బతకలేకపోతున్నాం, మార్చి చూద్దాం” అనేది వాళ్ల నినాదం. మే 3న హాన్ నది ఇసుకలో షిన్ ఇక్‌హీ సభకు జనం విరగబడి వచ్చారు. మే 5న ప్రచారానికి వెళ్తూ రైల్లోనే ఆయన చనిపోయాడు. పోలింగ్‌కు పది రోజుల ముందు. దాంతో రీ గెలిచాడు, 50 లక్షల పైచిలుకు ఓట్లతో. కానీ చెల్లని ఓట్లు 18 లక్షల పైన. వాటిలో చాలావరకు చనిపోయిన మనిషికి పడ్డవే. మూడో అభ్యర్థి చో బోంగామ్‌కు 21 లక్షలు దాటాయి.

ఉపాధ్యక్ష లెక్క: చాంగ్ మ్యోన్ 40,12,654. ఇ గిబుంగ్ 38,05,502. తేడా రెండు లక్షల పైన. ఇప్పుడు మీ కాగితం తీయండి. రీ వయసు 81. రెండేళ్ల కింద తామే తీసుకొచ్చిన సవరణ ప్రకారం ఆయన పోతే కుర్చీ ఉపాధ్యక్షుడిది. ఆ ఉపాధ్యక్షుడు ప్రతిపక్షం మనిషి! తమ కోసం తవ్వుకున్న కాలువలో పక్కవాడి పొలానికి నీళ్లు పారాయి. ఇక లిబరల్ పార్టీకి నాలుగేళ్లు నిద్ర లేదు. అదే ఏడాది సెప్టెంబరు 28న మ్యోంగ్‌డోంగ్‌లో పార్టీ మహాసభలో చాంగ్ మ్యోన్ మీద కాల్పులు జరిగాయి. తూటా చేతికి తగిలి బతికిపోయాడు. దీని వెనక పోలీసు అధికారుల హస్తం ఉందని తర్వాత విచారణల్లో బయటపడింది.

దత్తత సంగతి

1957 మార్చి 26, రీ పుట్టినరోజు. ఆ రోజు ఇ గిబుంగ్ పెద్దకొడుకు ఇ గాంగ్‌సొక్ అధ్యక్షుడికి దత్తపుత్రుడయ్యాడు. రీకి సంతానం మిగల్లేదు. మొదటి పెళ్లి వల్ల పుట్టిన కొడుకు చిన్నతనంలోనే అమెరికాలో పోయాడు. ఆస్ట్రియాకు చెందిన రెండో భార్య ఫ్రాన్సెస్కాకు పిల్లల్లేరు. కొరియన్ సంప్రదాయంలో వంశం నిలబెట్టడానికి దత్తత తీసుకుంటే అదే వంశం అబ్బాయిని తీసుకోవాలి. మొదట చెప్పిన ఆ రాకుమారుల చుట్టరికం ఇక్కడ పనికొచ్చింది. ఇంకో దారి కూడా ఉంది. ఇ గిబుంగ్ భార్య పార్క్ మరియా ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయంలో పెద్ద పదవిలో ఉన్నావిడ, ఇంగ్లీషు బాగా వచ్చు. ఫ్రాన్సెస్కాకు అత్యంత సన్నిహితురాలు. అధ్యక్ష భవనంలోకి ఇ గిబుంగ్ ముందు గుమ్మంలోంచి వెళ్తే, ఆవిడ వంటింటి వైపు నుంచి వెళ్లింది అనొచ్చు. పార్క్ మరియాను వదిలేసి ఈ కథ రాసేవాళ్లు సగమే రాసినట్టు.

ఇక్కడ పత్రికలు చదవడం తప్పనిసరి. అబ్బాయి సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర విభాగంలో సీటు పొందితే, అది దొడ్డిదారి ప్రవేశమని విద్యార్థులు తరగతులు మానేశారు. అదే ఆగస్టులో ఇంకో వింత. ఒక యువకుడు నేనే ఇ గాంగ్‌సొక్ అని చెప్పుకుని గ్యోంగ్‌జు, యోంగ్‌చొన్ వైపు తిరిగాడు. పోలీసు అధికారులూ, స్థానిక పెద్దలూ పోటీలు పడి మర్యాదలు చేశారు, చేతిలో డబ్బు పెట్టారు. మూడు రోజుల ముచ్చట తర్వాత డేగూలో దొరికిపోయాడు. దేశమంతా నవ్వుకుంది. అధికారం ఏ ఇంట్లో ఉందో ఊరి పోలీసుకు ఎంత బాగా తెలుసో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. సొదేమున్‌లో ఉన్న ఇ గిబుంగ్ ఇంటిని జనం సొదేమున్ గ్యోంగ్ముదే అనేవాళ్లు. గ్యోంగ్ముదే అంటే అప్పటి అధ్యక్ష భవనం.

1958, 59 త్వరగా దాటండి, రెండు చోట్ల తప్ప

1958 మే 2 పార్లమెంటు ఎన్నికల్లో ఈయన సియోల్ సొదేమున్ వదిలి గ్యోంగీ రాష్ట్రంలోని ఇచొన్‌కు మారాడు. రాజధానిలో గాలి ఎటు వీస్తోందో అది చాలు చెప్పడానికి. ఓట్ల లెక్కింపులో వాడిన ఉపాయాలకు జనం పేర్లు పెట్టుకున్నారు. కరెంటు తీసి చీకట్లో ఓట్లు మార్చేయడం గుడ్లగూబ లెక్కింపు. వేళ్లకు సిరా పూసుకుని ఎదుటి పార్టీ ఓట్ల మీద టకటకా అద్ది చెల్లకుండా చేయడం పియానో. అయినా డెమొక్రాట్లకు 79 సీట్లు వచ్చాయి, లిబరల్స్‌కు 126. రాజ్యాంగం మళ్లీ మార్చుకునే బలం పోయింది. ఆ డిసెంబరు 24న ప్రతిపక్ష సభ్యుల్ని గార్డులతో ఈడ్పించి, కింది అంతస్తులో బంధించి, జాతీయ భద్రతా చట్టం సవరణ ఆమోదించుకున్నారు.

ఆగాల్సిన మొదటి చోటు చో బోంగామ్. 1956లో 21 లక్షల ఓట్లు తెచ్చుకున్నాయన. గూఢచర్యం కేసులో కింది కోర్టు ఐదేళ్లు వేసింది, పై కోర్టులు ఉరి వేశాయి. 1959 జూలై 30న పునర్విచారణ అభ్యర్థన కొట్టేశారు, మర్నాడే ఉరి తీశారు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆయన నిర్దోషి అని తీర్పిచ్చింది. రెండో చోటు క్యోంగ్యాంగ్ షిన్మున్ పత్రిక. ఆన్‌లైన్‌లో ఉండే నావర్ న్యూస్ లైబ్రరీలో ఆనాటి పత్రికల పేజీలు తేదీల వారీగా చూడొచ్చు. క్యోంగ్యాంగ్ తీసి 1959 మే నెలకు వెళ్లండి. ఏమీ ఉండదు. ఏప్రిల్ 30న ప్రభుత్వం మూసేయించింది. తేదీలు ముందుకు జరుపుతూ పోతే పత్రిక మళ్లీ కనిపించేది 1960 ఏప్రిల్ 27న, రీ దిగిపోయిన మర్నాడు. ఆ ఖాళీ తెరను ఒకసారి కళ్లారా చూడండి. సెన్సార్‌షిప్ మీద పేజీలకు పేజీలు చదివినా అంత బాగా బుర్రకెక్కదు.

ఒక చిక్కు ముందే చెప్తాను. ఆ పేజీల్లో అక్షరాలు పైనుంచి కిందికి ఉంటాయి, సగం చైనా లిపి. ఫోన్‌లో ఫొటో తీసి అనువదిస్తే అడ్డదిడ్డంగా వస్తుంది. ఆ రోజుల ముఖ్యమైన పేర్లు చైనా లిపిలో ఎలా ఉంటాయో ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి. శీర్షికల్లో కళ్లు వాటినే పట్టుకోవాలి. చాలావరకు పని అయిపోతుంది.

1960 అంకెల్ని అడగాల్సిన ప్రశ్న

డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి చో బ్యోంగోక్ వైద్యం కోసం అమెరికా వెళ్లాడు. మేలో జరగాల్సిన ఎన్నికను ప్రభుత్వం మార్చికి లాగింది. ఫిబ్రవరి 15న వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో ఆయన చనిపోయాడు. రీకి పోటీయే లేకుండా పోయింది. మరి దేశం మొత్తాన్ని కదిలించి అంత రిగ్గింగ్ ఎవరి కోసం? జవాబు మీ కాగితం మీద ఉంది. 85కు చేరుతున్న అధ్యక్షుడి వెనక ఎవరుండాలనే దాని కోసం.

మార్చి 3న ప్రతిపక్షం రహస్య ఆదేశాల్ని బయటపెట్టింది: 40 శాతం ఓట్లు ముందే పెట్టెల్లో వేసెయ్యాలి, మిగతావాళ్లు ముగ్గురేసి జట్లుగా వెళ్లి ఒకరి ఓటు ఒకరికి చూపించుకుంటూ వెయ్యాలి. హోంమంత్రి చొయి ఇన్‌గ్యు దీనికి సూత్రధారి. 1961 డిసెంబరులో ఆయన్ను ఉరి తీశారు. డేగూలో ఫిబ్రవరి 28 ఆదివారం చాంగ్ మ్యోన్ సభకు పిల్లలు వెళ్లకూడదని హైస్కూళ్లు ఆదివారం కూడా బడికి రమ్మన్నాయి. ఒక బడి పరీక్ష అంది, ఇంకో బడి కుందేళ్ల వేట అంది. పిల్లలు వీధుల్లోకి వచ్చేశారు.

ఫలితాలు ఒకదాని కింద ఒకటి రాయండి. చాంగ్ మ్యోన్: 1956లో 40 లక్షలు, 1960లో 18,43,758. ఇ గిబుంగ్: 38 లక్షల నుంచి 83,37,059కి. ఈ నాలుగేళ్లలో ఆయన ఆరోగ్యం పాడై నడవడమే కష్టమైంది, జనంలోకి వచ్చింది తక్కువ. కొన్నిచోట్ల ఓటర్ల సంఖ్య కంటే ఓట్లు ఎక్కువ వచ్చేసరికి శాతం తగ్గించమని పైనుంచి ఆదేశాలు వెళ్లాయి. గెలుపును తగ్గించుకోవడానికి టెన్షన్ పడిన పార్టీ ఇదొక్కటేనేమో.

ఏప్రిల్‌ను రోజువారీగా చదవండి

ఇక్కడ నెలల లెక్క పనికిరాదు. మార్చి 15న దక్షిణ తీరంలోని మాసన్‌లో ఎన్నిక చెల్లదని జనం లేచారు, పోలీసులు కాల్చారు. కనిపించకుండా పోయిన కిమ్ జుయుల్ అనే కుర్రాడి శవం ఏప్రిల్ 11న ఓడరేవు నీళ్లలో తేలింది. కంట్లో దిగబడిన బాష్పవాయు గుండుతో. ఆ ఫొటో పత్రికల్లో వచ్చింది. 18న కొరియా విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద రౌడీలు పడ్డారు. 19న విద్యార్థులు గ్యోంగ్ముదే దాకా వచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమం మొత్తంలో చనిపోయినవాళ్లు 186 మంది.

23న చాంగ్ మ్యోన్ ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. 24న ఇ గిబుంగ్ అన్ని పదవులూ వదులుకుంటున్నానన్నాడు. వారం ముందైతే ఏమయ్యేదో గానీ, అప్పటికే ఆ మాట ఎవరికీ అక్కర్లేదు. 25న ప్రొఫెసర్లు ఊరేగింపు తీశారు. జనం సొదేమున్ ఇంటి మీద పడి సామాన్లు వీధిలోకి లాగి తగలబెట్టారు. 26న రీ దిగిపోతానని ప్రకటించాడు. ఇల్లు వదిలి పారిపోయిన ఇ గిబుంగ్ కుటుంబం చివరికి అధ్యక్ష భవనం ఆవరణలోనే 36వ నంబరు భవనంలో తలదాచుకుంది. 28 తెల్లవారుజామున ఇ గాంగ్‌సొక్ తండ్రినీ, తల్లి పార్క్ మరియానూ, తమ్ముణ్నీ కాల్చి, తనను తాను కాల్చుకున్నాడు. అతనికి ఇరవై మూడేళ్లు.

ఈ సన్నివేశం దగ్గర నా సలహా ఒక్కటే: డైలాగులు నమ్మకండి, మీరు రాయకండి. గదిలో ఉన్న నలుగురూ చనిపోయారు. అక్కడేం మాట్లాడుకున్నారో చెప్పేవాళ్లు ఊహించి చెప్తున్నట్టే. జాలి పడాలా, పీడ విరగడైంది అనుకోవాలా అని కూడా అడుగుతారు. ఆ అబ్బాయి మీద నాకు జాలే. తండ్రి మీద అంత లేదు. 24న చెప్పిన మాట మార్చి 16న చెప్పే వీలు ఆయనకుంది.

సియోల్‌లో ఉంటే ఒక పూట

సొదేమున్ మెట్రో స్టేషన్ దగ్గర దిగండి. జనం మీదపడ్డ ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు ఏప్రిల్ 19 విప్లవ స్మారక గ్రంథాలయం ఉంది. లోపల విద్యార్థులు పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉంటారు. నాలుగడుగులు వేస్తే ఆసుపత్రి ఆవరణలో గ్యోంగ్యోజాంగ్. రీకి పెద్ద ప్రత్యర్థి అయిన కిమ్ గు 1949 జూన్ 26న హత్యకు గురైన ఇల్లు అది. రెండూ ఇంత దగ్గర అని వెళ్లేదాకా నాకు తట్టలేదు. అక్కడినుంచి సిటీ హాల్ వైపు నడిస్తే పాత పార్లమెంటు భవనం వస్తుంది. ఇప్పుడు నగర మండలి వాడుతోంది. 135.33 లెక్క చూశాక ఆ గడియార స్తంభం కింద నిలబడటం బాగుంటుంది. ఓపిక ఉంటే సొదేమున్ జైలు మ్యూజియంకు వెళ్లండి. చో బోంగామ్‌ను ఉరి తీసిన చోటు అదే. గ్యోంగ్ముదే పాత భవనం కోసం వెతక్కండి, 1993లో పడగొట్టేశారు.

మిగిలితే హ్యెహ్వా వైపు చాంగ్ మ్యోన్ ఇల్లు చూడండి. ఆ పేరు పట్టుకుని చదివితే కథ ఇంకో ఏడాది ముందుకు నడుస్తుంది. 1960 జూన్‌లో రాజ్యాంగం మార్చి పార్లమెంటరీ పద్ధతి పెట్టారు, ఉపాధ్యక్ష పదవినే తీసేశారు. ఆ పదవి మళ్లీ రాలేదు. ఆగస్టులో చాంగ్ మ్యోన్ ప్రధాని అయ్యాడు, 1961 మే 16న సైన్యం దించేసింది. దానికి వేరే కాగితం కావాలి. వయసుల గడి ఈసారి అక్కర్లేదు, సైన్యంలో ఎవరు ఏ బ్యాచ్‌లో చదివారో రాసుకోండి.